ఏడుగురు కూతగాళ్ళు, ఒక నీళ్ళ బిందె

పేరు చెబితే అక్కడివాళ్ళు నొచ్చుకుంటారు గాని, ఒకానొక రాజ్యంలో చెడుగుడంటే జనం చెవి కోసుకునేవారు. రాజు ప్రచండవర్మగారికి సొంత జట్టుండేది. ఆ జట్టు ఏటా దసరాకు పొరుగు రాజ్యం చేతిలో ఓడిపోయేది. ఓడిన ప్రతిసారీ ఆస్థాన విదూషకుడు అప్పలాచారి రెండు రోజులు అన్నం ముట్టేవాడు కాదు. అంత పిచ్చి అభిమానం!

ఆ ఏడు వానాకాలంలో, ఆటలు లేని రోజులు చూసి, రాజుగారు జట్టును తిరగేసి బోర్లేశారు. దేశదేశాల నుంచి పేరుమోసిన కూతగాళ్ళను రప్పించారు. ఒకడు లేడిలా దూకుతాడు. ఇంకొకడు గుక్క తిప్పుకోకుండా మూడు వీధులు దద్దరిల్లేలా కూత పెడతాడు. ఒక్కొక్కడూ వస్తుంటే అప్పలాచారి కోట గుమ్మంలో నిలబడి, "అబ్బో! ఈ దసరా మనదేరోయ్!" అని గంతులేశాడు.

ఏడోవాడు వచ్చేసరికి ఆ గంతు ఆగిపోయింది.

"ప్రభూ, అందరూ కూతకు వెళ్ళేవాళ్ళే! అవతలి నుంచి వచ్చినవాణ్ణి పట్టేదెవరు? మన పోలినాయుడేడీ?"

"ఆ పొట్టివాడా? ఒకరి కాళ్ళు పట్టుకోవడం తప్ప వాడికేం వచ్చు? మైదానంలో నీళ్ళు చల్లే పనిలో పెట్టాం," అన్నారు రాజుగారు మీసం దువ్వుతూ. "మా ఎంపికకే వంక పెడతావా?"

"పెడతాను. ఈ బానపొట్టతో నేనే కూతకు వెళ్తాను. మీ ఏడుగురికీ చిక్కకుండా గీత దాటి వస్తే పోలినాయుణ్ణి జట్టులోకి తీసుకోవాలి."

"చిక్కితే?"

"చిక్కితే... ఈ జన్మలో దసరా ఆట చూడను."

సభంతా అయ్యయ్యో అంది. ముప్పై ఏళ్ళుగా ముందు వరసలో కూర్చుని గొంతు చించుకున్న మనిషి మరి.

మర్నాడు మైదానంలో, "వాన పడి వారమైంది, దుమ్ము లేస్తోంది ప్రభూ, గీత పక్కన కాస్త నీళ్ళు చల్లించండి," అని ఆచారి బతిమాలాడు. పోలినాయుడు బిందెతో వచ్చి చల్లసాగాడు. ఆచారి పంచె ఎగ్గట్టి, "చెడుగుడు చెడుగుడు" అంటూ అవతలికి అడుగేశాడు.

పాపం, ఆ ఏడుగురికీ ఒకటే అలవాటు, మీదికి చెయ్యి వస్తే తప్పుకోవడం! ఆచారి ఇటొస్తే అటు, అటెళ్తే ఇటు పరిగెత్తారు. "నువ్వు పట్టు!" అంటే "నువ్వే పట్టు!" అని అరుచుకున్నారు. ఆచారి కోడిపిల్లల్ని తోలినట్టు వాళ్ళను నాలుగు మూలలకూ తోలి, ఆఖరి గుక్కతో గీత వైపు తిరిగాడు. ఇంకా జానెడే ఉంది.

బిందె ఠంగుమని కింద పడింది. పోలినాయుడి చెయ్యి ఊరుకోలేదు, మడమ దొరకబుచ్చుకుంది. ఆచారి బురదలో బోర్లా పడ్డాడు.

"చిక్కావు! ఓడిపోయావు!" అని రాజుగారు ఆసనం మీంచి ఎగిరి లేచారు.

ఆచారి బురద మొహంతోనే పగలబడి నవ్వాడు. "చిత్తం ప్రభూ! ఇంతకీ పట్టినవాడు మీ జట్టువాడేనా? అవునంటే నేను ఓడినట్టే, కాని పోలినాయుడు జట్టులో ఉన్నట్టే. కాదంటే మీ ఏడుగురికీ నేను చిక్కనట్టే, పందెం నాదే!"

రాజుగారు ఆ ఏడుగురినీ చూశారు, పోలినాయుణ్ణి చూశారు. కిరీటం జారిపోయేలా నవ్వారు. "పోలినాయుడు జట్టులోకి! దసరాకు నువ్వు మా పక్కనే కూర్చోవాలి! ఇదిగో ముత్యాల హారం, లేచి వచ్చి అందుకో!"

"ఎలా లేవను మహాప్రభో? ముందు వీణ్ణి నా కాలు వదలమనండి!"