తెల్లరాతి గుంటలో తేటనీళ్ళు

పొగమాను అడవిలో ఎలుగులున్నాయి, దుప్పులున్నాయి, ముళ్ళపందులున్నాయి, అరవడం తప్ప వేరే పనిలేని నెమళ్ళున్నాయి. వాళ్ళ కథలు వాళ్ళే చాటుకుంటారు. ఈ కథ నీళ్ళలో వాళ్ళది. వాళ్ళు చచ్చినా చప్పుడు కాదు కాబట్టి ఎవరో ఒకరు చెప్పాలి.

అడవి నడుమ పాతమడుగు ఉండేది. నీళ్ళు కషాయంలా నల్లగా ఉండేవి. అడుగున కుళ్ళిన ఆకులు, మెత్తని బురద. దుప్పులు కూడా ముక్కు చిట్లించుకుని తాగేవి. ఆ నల్లనీళ్ళలోనే పరిగెచేపలు తరతరాలుగా పుట్టి పెరిగాయి. వాటిలో చింతాకు ఒక తల్లి పరిగె. దాని మొగుణ్ణి కొంగ మింగింది. మిగిలింది గుప్పెడు పిల్లలు. ఒక్కొక్కటీ గోటి కొసంత కూడా లేదు.

ఒకరోజు కొండ మీంచి పెద్ద రాయి దొర్లింది. ఆ దెబ్బకి మడుగు గట్టు అడుగుదాకా చీలింది. చీలికలోంచి నీళ్ళు ఇసుకలోకి ఇంకిపోవడం మొదలైంది. అదే రాయి కింద కొత్త ఊట ఒకటి పుట్టి, పక్కనే పల్లంలో ఉన్న తెల్లరాతి గుంటని అంచుదాకా నింపి ఆగిపోయింది. పరిగె ఒళ్ళు ఒరగేసి చీలికలో దూరితే కింద గుంటలో పడుతుంది. మళ్ళీ పైకి రావడం మాత్రం లేదు. రాతిని పట్టుకుని పాకగలవాళ్ళకి తప్ప ఆ దారి ఒకవైపు దారే.

మడుగు రోజురోజుకీ తగ్గుతోంది. ఒడ్డున కొంగ ఒంటికాలి మీద నిలబడింది. నీళ్ళు తగ్గినంతమేరా లోపలికి జరుగుతోంది.

"వదినా, ఇలా వచ్చి చూడు," అన్నాడు జిగేలు, చీలిక దగ్గర తోకాడిస్తూ.

జిగేలు చింతాకుకి మరిది. మడుగంతటికీ అందగాడు. ఆ సంగతి మడుగుకంటే ముందు తనకే తెలుసు. ఎక్కడ కాస్త ఎండ పడితే అక్కడ పొలుసులు మెరిపించుకుంటూ తిరిగేవాడు. వెనకాల ఒక గుంపు.

చింతాకు కిందికి చూసింది. నీళ్ళున్నాయో లేవో తెలియనంత తేట. అడుగున ప్రతి గులకరాయీ విడివిడిగా కనబడుతోంది. గోడలు నిట్టనిలువుగా ఉన్నాయి, కొంగ కాలు ఆనదు. అంతా బాగానే ఉంది. అయినా చూస్తున్నకొద్దీ చింతాకుకి ఏదో లోటు కనబడింది. అక్కడ కప్ప లేదు. నీటి మీద పరుగులు తీసే పురుగు లేదు. రాళ్ళకి పాచి లేదు. ఎప్పుడో రాలిన ఎండుటాకు ఒకటి అడుగున అలాగే ఉంది, వడ్డించాక ఎవరూ వచ్చి కూర్చోని విస్తరిలా.

"ఆ నీళ్ళలో ఎవరూ లేరే అమ్మాయ్," అంది వెనకనుంచి ఒక గొంతు.

నత్తవ్వ. మడుగులో అందరికంటే పెద్దది. చిప్ప మీద పాచి, పాచి మీద బురద.

"మేం వెళితే ఉంటాం కదా అవ్వా," అంది చింతాకు.

"మీ సంగతి కాదు. కనబడనివాళ్ళ సంగతి."

"వాళ్ళెవరు?"

"మొహం లేదు, పేరు లేదు. ఈ బురదలో ఉంటారు. ఆకు వెనక ఉంటారు. నా చిప్ప మీద ఉంటారు. నువ్విప్పుడు మింగావే, ఆ గుక్కలోనూ ఉన్నారు."

చింతాకు టక్కున నోరు మూసుకుంది.

"పొద్దస్తమానం నువ్వూ నీ పిల్లలూ తిని వదిలేదంతా ఎటు పోతోందనుకున్నావు?" అంది నత్తవ్వ. "అది విషం. దాన్ని కొందరు తింటారు. వాళ్ళు వదిలేదీ విషమే. దాన్ని తినడానికి ఇంకొందరుంటారు. ఆఖరికి మిగిలేది పాచికి ఎరువు. వాళ్ళ ఎంగిలి మీదే మనం బతుకుతున్నాం. వాళ్ళు కాపురం పెట్టని చోట మనం పెడితే, మన మురికి మన మొప్పల్లోకే వస్తుంది."

జిగేలు పగలబడి నవ్వాడు. "అవ్వా, నువ్వు బురదలో పుట్టావు, బురద మీద ప్రేమ. దానికి ఇంత పురాణమెందుకు?"

"నీకు కనబడేదొక్కటే ఉందిరా నాయనా, నీ తోక," అంది నత్తవ్వ.

పాలకి మనం తోడు వేసినట్టే నత్తవ్వ ఆ గుంటకి తోడు వేసింది. పాత బురద చిప్పకి పట్టించుకుని, చచ్చిన పీత కాలొకటి ఈడ్చుకుంటూ, చీలికలోంచి పాకి వెళ్ళింది. బురద గులకరాళ్ళ మధ్య పులిమింది. పీత కాలు కుళ్ళడానికి వదిలింది. కనబడనివాళ్ళు దిగాలంటే ముందు వాళ్ళకి తిండి ఉండాలి.

పైకి వచ్చి చింతాకుతో అంది: "ముందు నీళ్ళు బియ్యం కడుగులా తెల్లబడతాయి. కంపు కొడతాయి. అప్పుడు వెళ్ళకు. మళ్ళీ తేటపడతాయి. అప్పుడూ వెళ్ళకు, అదే అన్నిటికంటే చెడ్డకాలం. రాతికి పాచి పట్టాలి. నేను రోజూ వెళ్ళి చూసొస్తా. ఆ పాచి మేసి నా మూతి పచ్చబడిన రోజు బయలుదేరు."

"మరి కొంగ?"

నత్తవ్వ కొమ్ములు ఒకసారి కొంగ వైపు తిప్పి, మళ్ళీ చీలిక వైపు పాకింది.

గుంట తెల్లబడడం మొదలవగానే జిగేలు గగ్గోలు పెట్టాడు. "ముసలిది మన పాలరాతి మేడ పాడుచేస్తోంది. పదండిరా." గుంపంతా చీలికలోంచి ఒకరి మీద ఒకరు జారారు. దిగీ దిగగానే తోకలతో బురదంతా ఊడ్చి గట్టు దాటించారు. పీత కాలుని అందరూ కలిసి బయటికి నెట్టారు. ఇల్లు తళతళలాడింది. ఒక్క మరక లేదు.

"వదినా, రా," జిగేలు గొంతు చీలికలోంచి పైకొచ్చింది. "నన్ను నేను చూసుకుంటున్నా. నాలుగు గోడల్లోనూ నేనే."

"అమ్మా, మనం కూడా పోదాం," అన్నాయి పిల్లలు.

చింతాకు చీలికకి అడ్డంగా పడుకుంది. వెనక కొంగ మరో అడుగు జరిగింది.

"నాకేం తొందర లేదమ్మా," అంది కొంగ మెల్లగా.

కొన్నాళ్ళు కింద నవ్వులు వినబడ్డాయి. తర్వాత నవ్వులు తగ్గాయి. ఒకరోజు జిగేలు మళ్ళీ పిలిచాడు.

"వదినా, ఇక్కడ మొప్పలు మండుతున్నాయి."

"నీళ్ళు ఎలా ఉన్నాయి మరిదీ?"

"తేటగానే ఉన్నాయి."

మర్నాడు అదే మాట, ఇంకా సన్నటి గొంతుతో. చింతాకు చీలికలోంచి చూసింది. పట్టపగలు, నిండు ఎండ. గుంపంతా నీటి పైకి వచ్చి వేలాడుతోంది. మొప్పలు నిప్పుల్లా ఎర్రబడ్డాయి. అన్ని నోళ్ళూ ఒక్కసారే తెరుచుకుంటున్నాయి, ఒక్కసారే మూసుకుంటున్నాయి, అందరూ కలిసి ఒకే మాట చెబుతున్నట్టు. చప్పుడు మాత్రం లేదు. వాటి నీడలు అడుగున గులకరాళ్ళ మీద ఒక్కొక్కటిగా కదలడం మానేశాయి.

"పైకి రా మరిదీ," అంది చింతాకు, రాలేడని తెలిసే.

జిగేలు కళ్ళు చీలిక వైపు తిరిగాయి. "నీళ్ళు తేటగానే ఉన్నాయి కదే వదినా," అన్నాడు. ఎప్పుడూ తనని తాను పొగుడుకునే నోటితో అతను అన్న ఆఖరి మాట అది. తర్వాత తిరగబడ్డాడు. తెల్లని పొట్ట ఎండలో మెరిసింది. గుంట నిండా తెల్లని పొట్టలే. కింద నీళ్ళు ఇంకా అద్దంలాగే ఉన్నాయి, ఏమీ ఎరగనట్టు.

నత్తవ్వ మళ్ళీ చిప్పకి బురద పట్టించుకుంది.

"ఈసారి పీత కాలు అక్కర్లేదు," అంది. చింతాకు మొహం తిప్పుకుంది.

గుంట తెల్లబడింది. కంపు చీలికలోంచి మడుగుదాకా వచ్చింది. ఇక్కడ మడుగు చాపంత అయింది, తర్వాత విస్తరంత. కొంగ నీడ ఇప్పుడు వాళ్ళ మీదే పడుతోంది. నత్తవ్వ రోజూ వెళుతుంది, గుంట అంచున కూర్చుంటుంది, వస్తుంది. రోజూ చింతాకు దాని మూతి వంక చూస్తుంది. మూతి నల్లగానే ఉంటుంది.

"తేటపడ్డాయి," అంది ఒకరోజు నత్తవ్వ.

పిల్లలు గంతేశాయి. చింతాకు వాటిని తోకతో వెనక్కి నెట్టింది. ఆ రోజే కొంగ ముక్కు దిగింది. చివరన ఉన్న పిల్ల మరి లేదు. చింతాకు మిగతా పిల్లల్ని పొట్ట కిందికి తోసుకుంది. చీలిక ముందునుంచి కదలలేదు. తల్లి అన్నాక గుండె రాయి చేసుకోవాలంటారు చూడండి, ఆ మాట అనేవాళ్ళెవరూ ఒంటికాలి నీడ కింద పడుకుని ఉండరు.

చివరికి ఒక ఉదయం నత్తవ్వ నెమ్మదిగా చీలికలోంచి పైకి పాకి వచ్చింది. కొమ్ములు వాల్చి, మొహం పైకెత్తింది. మూతి పచ్చగా ఉంది.

"అందరూ ఒక్కసారి కాదు," అంది. "కనబడనివాళ్ళు ఇప్పుడిప్పుడే స్థిరపడుతున్నారు. ముందు కొందరు. మిగతావాళ్ళు నా చిప్ప కింద."

ముందు చింతాకు జారింది, బలహీనమైన పిల్లల్ని వెంటబెట్టుకుని. నీళ్ళు తాకగానే మొప్పలు బిగబట్టింది. ఎంతసేపని బిగబడుతుంది? ఒక గుక్క తీసుకుంది. మండలేదు. నీళ్ళు కాస్త నల్లగా, కాస్త చేదుగా, అమ్మ ఒళ్ళో వాసనలా ఉన్నాయి. గోడల మీద పలుచటి పచ్చపొర. మూలన ఒక కప్ప గుడ్లు పెట్టింది.

తర్వాత మిగతా పిల్లలు వచ్చాయి, కొన్నిటి తర్వాత కొన్ని. అందరి వెనకా నత్తవ్వ. ఆఖరికి కొంగ ముక్కు పెట్టేసరికి మడుగులో ఉన్నది తడిబురద ఒక్కటే.

పిల్లలు గోడల మీద పాచి కొరుకుతూ అడిగాయి. "అమ్మా, బాబాయి ఏడి?"

గులకరాళ్ళ మధ్య సన్నటి ముళ్ళు తెల్లగా కనబడుతున్నాయి. వాటి మీదా పచ్చదనం మొదలైంది. చింతాకు తోకతో ఆ పచ్చదనం వైపు చూపింది.

"ఇక్కడే ఉన్నాడు," అంది. "తినండి."

నీతి: తేటగా కనబడినంత మాత్రాన నీళ్ళు కాపురానికి సిద్ధమైనట్టు కాదు. కంటికి కనబడనివాళ్ళు తమ పని ముగించేదాకా ఆగినవాళ్ళే బతుకుతారు, ఆగనివాళ్ళు ఆ పనికి తిండి అవుతారు.