ఆకులు కుట్టించిన రాజు

“చెట్టుకు నోరు లేదు కదర్రా, మరి అంత పైనున్న ఆకు దాకా నీళ్లెలా వెళతాయి?” అని బామ్మ పచ్చడి నూరడం ఆపి మనవలను అడిగింది. తెలియకపోతే తప్పేం లేదని, ఇది తెలియకనే ఒక మహారాజు తోటమాలి ప్రాణం తీయబోయాడని కథ ఎత్తుకుంది.

ఏరు ఏడాదిలో నాలుగు నెలలే పారే ఒకానొక రాజ్యాన్ని విజయకేతుడనే రాజు ఏలేవాడు. తన ఆజ్ఞకు గాలి కూడా ఆగుతుందని ఆయన నమ్మకం. ఆయనకు ఒక్కతే కూతురు, కువలయ. ఆరేళ్లప్పుడు ఆ పిల్ల తోటలో టేకు మొక్క నాటింది. గొయ్యి తీసింది ముసలి తోటమాలి పోలయ్య. ఏటా కొత్త చిగురు రాగానే లేత ఆకు అరచేతుల్లో నలిపి, ఎర్రబడ్డ చేతులు అతనికి చూపించి, “తాతా, గోరింటాకు” అనేది.

పద్నాలుగో ఏట, మాఘమాసంలో, మూడు రోజుల జ్వరంతో కువలయ పోయింది.

రాజు ఏడవలేదు. భోజనాల వేళ ఆమె పీట వేయించేవాడు, ఆమె విస్తట్లో వడ్డించమనేవాడు. మారుమాట్లాడకుండా వడ్డించేవారు.

ఫాల్గుణంలో టేకు ఆకులు రాలసాగాయి. చేటలంత ఆకులు కదా, ఒక్కొక్కటీ చప్పుడు చేస్తూ పడేది. రాజు విస్తళ్లు కుట్టేవాళ్లను రప్పించి, రాలిన ఆకులను ఈనెలతో మళ్లీ కొమ్మలకే కుట్టించాడు. పోలయ్యను పిలిచి, నీ అశ్రద్ధ వల్లే నా బిడ్డ చెట్టు చచ్చిపోతోందన్నాడు. ఏటా రాలేవేనని పోలయ్య చెప్పబోతే వినలేదు. ఆకు రాలకుండా నిలిపే విద్య ఉగాదికల్లా చూపించకపోతే తల తీయిస్తానన్నాడు.

పోలయ్య ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేరుగా అడవికి వెళ్లాడు.

ఉగాది ఉదయం ఒక టేకు కొమ్మను భుజాన వేసుకుని సభకు వచ్చాడు. దాని ఆకులన్నీ ఎండి ముడుచుకున్నాయి గాని ఒక్కటీ ఊడలేదు. రాజు స్వయంగా లేచి ఒక ఆకు పట్టి లాగాడు. ఆకు చిరిగింది తప్ప తొడిమ కొమ్మను వదల్లేదు. ఆయన మొహం వెలిగింది. ఇదే విద్య అమ్మాయి చెట్టుకూ చెయ్యమన్నాడు.

“చిత్తం. ఒక గొడ్డలి ఇప్పించండి” అన్నాడు పోలయ్య.

“గొడ్డలెందుకు?”

“చంపితేనే ఆకు నిలుస్తుంది ప్రభూ. ఈ కొమ్మను ఏలినవారు ఆజ్ఞ ఇచ్చిన నాడే విరిచేశాను. ఆకు వదలడం బతికున్న చెట్టు పని. చచ్చింది దేన్నీ వదలదు.”

పోలయ్య కొమ్మ తిప్పి, విరిగిన చోట చెక్కలో సూది మొనలంత కన్నాలు చూపించాడు. వేళ్లు తాగిన నీళ్లు ఈ గొట్టాల్లోంచే పైకి పోతాయని చెప్పాడు. ఏడాదంతా పచ్చగా ఉండే పాలపండ్ల చెట్టుకు చిన్న దళసరి ఆకు, గట్టి కొయ్య, కంటికి ఆనని గొట్టాలు; నిదానంగా తాగి ఎండను ఓర్చుకుంటుంది. టేకుది పెద్ద ఆకు, దాని దాహానికి తగ్గట్టు వెడల్పు గొట్టం. నేలలో తడి తగ్గితే అందులో గాలి దూరి నీటి ధార తెగుతుంది. అంత దాకా రాకముందే చెట్టు ఆకులను వదిలేసి ప్రాణం దక్కించుకుంటుంది.

“అమ్మాయిగారి చెట్టు బతకాలనే చూస్తోంది ప్రభూ. మనమే కుట్లు వేస్తున్నాం.”

రాజు నవ్వాడు. గొడ్డలి అడిగిన మాట తలచుకుని గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఏడుపయింది. మాఘం నుంచి రాని ఏడుపు. సభ ముగిసేదాకా ఆగలేదు.

మెడలోని ముత్యాల హారం తీసి పోలయ్యకు వేశాడు. తరవాత తోటకు వెళ్లి, నిచ్చెన ఎక్కి, ఒక్కొక్క ఈనె తన చేత్తోనే ఊడదీశాడు. ఆ పూట భోజనాల దగ్గర రెండో పీట వేయమనలేదు.

మళ్లీ చిగురు వచ్చిందా అని చిన్న మనవరాలు అడిగింది.

“వానలు పడ్డాక వచ్చిందమ్మా. చేతులు ఎర్రగా చేసుకునే పిల్లే లేదు.”

బామ్మ మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది. రోట్లో పచ్చడి ఇంకా సగం నూరాల్సి ఉంది.