ఆవకాయ వద్దన్న ఎరువుగుంట

అనగనగా ఒక ఊళ్ళో, ఊరి కొసన, నూకరత్నం అని ఓ పిల్ల ఉండేదమ్మా. పిల్లా అది? మిరపగింజ! ఊఁ కొడుతున్నావా? కొట్టు మరి.

వాళ్ళమ్మ పోలమ్మ పెరట్లో ఆకుకూర వేసి అమ్ముకునేది. ఆ ఏడు మట్టిలో సారం పోయింది. గింజ చల్లితే మొలకే లేదు. అది చూసి పెద్దింటి సూరమ్మగారు, "ఆ బీడు నీకెందుకే పోలీ, నా గేదెల్ని కట్టుకుంటాను, ఇచ్చెయ్" అంది. పోలమ్మ మెతక మనిషి. తలూపబోయింది.

అప్పుడు నూకరత్నం అడ్డం పడింది. "తొలకరి దాకా ఆగమ్మా, ఎరువు చేస్తాను. అవకపోతే ఇచ్చేద్దువు గాని!"

ఆ తర్వాత పెరటి మూల గుంట తవ్వింది. ఆనపతొక్కలు, వంకాయ ముచ్చికలు, టీ పిప్పి, చిదిపిన గుడ్డుపెంకులు ఒక వరస వేసేది. దానిమీద ఎండుటాకులు ఇంకో వరస. మధ్యమధ్య గుప్పెడు పేడ. రోజూ కర్రతో కదిపేది. అడుగున వానపాములు కాపురం పెట్టాయి. వాసనా? వానపడ్డ నేల వాసనే!

అప్పుడు పక్కింటి గవరయ్య చేపల తలకాయలు పట్టుకొచ్చాడు. "ఇవీ కుళ్ళేవేగా, వేసుకోవే!"

"కుళ్ళుతాయి మావా. కుళ్ళి కంపుకొట్టి కుక్కల్ని పిలుస్తాయి, ఈగల్ని పిలుస్తాయి. నేను పిలిచింది వానపాముల్ని. పట్టికెళ్ళు!"

ఆ తర్వాత పకోడీల బంగారయ్య వచ్చాడు. చేతిలో నల్లగా మాడిన నూనె.

"వద్దు బాబాయ్, గుంటకి ఊపిరాడదు."

"గుంటకి ఊపిరేంటే, వెర్రిదానా!"

"నువ్వు ముక్కూ మూతీ నూనెగుడ్డతో కట్టుకుని ఓ కునుకు తియ్యి. లేస్తే అప్పుడు మాట్లాడదాం."

బంగారయ్య గొణుక్కుంటూ పోయాడు.

అప్పుడు, అందరూ కునుకుతీసే మిట్టమధ్యాహ్నం, సూరమ్మగారు స్వయంగా వచ్చింది. పమిట చాటున జాడీ! ఊరంతా ఆవిడ ఆవకాయకి లొట్టలేసేవాళ్ళు. ఆ ఏడు తడి గరిటె పడిందో ఏమో, జాడీ జాడీ అంతా బూజు. తన పెరట్లో పారేస్తే నలుగురూ చూడరూ!

"ఇది నీ గుంటలో వేసెయ్యవే. ఎవరికీ చెప్పకు."

"కుదరదండీ."

"పెద్దింటి ఆవకాయ నీ గుంటకి పనికిరాదుటే?"

"ఉప్పూ, కారం, నూనె... కుళ్ళకూడదనే కదండీ ఇన్నేసి పోస్తారు? కుళ్ళనివ్వనిది నా గుంటకెందుకండీ? వానపాముల ఒళ్ళు మండిపోదూ!"

సూరమ్మగారు పళ్ళు నూరుకుంటూ వెళ్ళింది. వెళ్ళినట్టే వెళ్ళి, నూకరత్నం నీళ్ళకెళ్ళగానే తిరిగొచ్చి, జాడీ మొత్తం గుంటలో బోర్లించిపోయింది!

నూకరత్నం తిరిగొచ్చి చూస్తే ఏముంది? వానపాములన్నీ గట్టెక్కి గిలగిల్లాడుతున్నాయి. పోలమ్మ బెంబేలెత్తింది. "పోనీలేవే, పెద్దవాళ్ళతో మనకెందుకు?"

"వాళ్ళకి మనతో ఎందుకమ్మా?"

అప్పుడు ఆ పిల్ల చేతులతోనే ఆవకాయంతా ఎత్తింది. అంటుకున్న చెత్త కూడా ఎత్తింది. వేళ్ళు భగభగా మండాయి. ఏడ్చిందా? ఊహూఁ! వానపాముల్ని ఏరి తడిమట్టి కప్పింది. ఆ తర్వాత ఆవకాయని బేసినులో పెట్టుకుని, పెద్దింటి అరుగు నిండా జనం ఉన్న వేళ చూసి వెళ్ళింది.

"అమ్మగారూ, మీ ఆవకాయ. మా గుంటలో మర్చిపోయారు."

అరుగుమీది తలలన్నీ బేసినులోకి వంగాయి.

"నాదని ఎవరన్నారే?" అని లేచింది సూరమ్మగారు.

"మీది కాదా? సరే, గడపగడపకీ తిప్పుతాను. ఈ రుచి ఎవరి చేతిదో ఊరికి తెలీదా ఏంటి!"

సూరమ్మగారు ఆ బేసిను లాక్కుని లోపలికి పోయింది. అరుగుమీద ఎవరో కిసుక్కుమన్నారు.

మరి ఆవిడ ఊరుకుంటుందా? తొలకరి జల్లు పడ్డ పొద్దున్నే పాలేర్ని పంపింది. వాడు గేదెల్ని కట్టే రాట పెరటి నడిమధ్యన పాతేశాడు.  గుంట బతికిందో లేదో ఇంకా నూకరత్నానికే తెలీదు.

పోలమ్మే ముందుకు కదిలింది. నడుచుకుంటూ వెళ్ళి గుంటలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. తీస్తే ఏముంది, గుప్పిట నిండా నల్లటి మెత్తటి ఎరువు! అందులో బొద్దుగా ఓ వానపాము.

అప్పుడు ఆ మెతక మనిషి కొంగు బిగించి, రాట ఊపి ఊపి పీకేసింది.

"అమ్మగారికి కోపం వస్తుందే!" అన్నాడు పాలేరు.

"రానీ. ఆవకాయలాగే దాన్నీ ఇంట్లోనే పెట్టుకోమను. మా గుంట తినదు!"

రాట పీకిన గుంతలో ఎరువు నింపి, అందులోనే ఆనపగింజ నాటింది.

తొక్కా ఆకూ గుంటకి,
ఉప్పూ నూనే వెనక్కి,
కథ నడిచింది కంచికి,
మనమూ పోదాం ఇంటికి!