పాపాయమ్మ అప్పజెప్పిన మాటలు

నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి గానీ, ఆ కొండ కింద అడవిలో ఒకప్పుడు పొద్దు వాలకముందే సగం జంతువులు తూలుతూ తిరిగేవి. ఎలుగుబంటి ఇంటికెళ్ళే దారిలో ఒక్క చెట్టుకీ బెరడు మిగల్లేదు, అన్నిటికీ గుద్దుకునేవాడు. ఇప్పుడు వెళ్ళి చూడండి, అందరూ తిన్నగా నడుస్తున్నారు. బుద్ధొచ్చిందనో, ఏ మహానుభావుడో వచ్చి మంచి మాటలు చెప్పాడనో అనుకునేరు. అదేం లేదు. అంతా సన్యాసప్ప అనే నక్క చేసుకున్న నిర్వాకం.

సన్యాసప్పకి ఇప్పతోపులో ఒక సారా పాక ఉండేది. వేసవిలో రాలిన ఇప్పపువ్వు ఏరి, ఎండబెట్టి, ఏడాది పొడుగునా కుండలు పెట్టేవాడు. వచ్చినవాళ్ళు తినేది ఏదో ఒకటి తెచ్చి అతని ముందు పెట్టి, ఆకు దొప్పల్లో పోయించుకుని తాగేవారు. ఆ పాకకి రెండు ఆచారాలు. కొత్త కుండ మూత తీస్తే మొదటి దొప్ప పాకవాడే తాగాలి, అందులో ఏమీ కలపలేదని అందరికీ తెలియాలి కదా. ఇక తాగినవాళ్ళు ఇంటికి పోయేముందు గుమ్మం పక్కన రాయి దగ్గర నీళ్ళు పుక్కిలించి ఉమ్మాలి. ఉమ్మేస్తే, లోపల వాగిందంతా ఆ నీళ్ళతోపాటే పోయినట్టు. మర్నాడు దాని గురించి ఎవరూ ఎవర్నీ అడగడానికి వీల్లేదు. అందుకని ఎవరికీ సిగ్గూ లేదు, భయమూ లేదు, నోటికెంత వస్తే అంత.

సన్యాసప్పకి కావలసిందీ అదే. ఎలుగుబంటి బంగారయ్య రెండో దొప్పకి పులిని తిట్టేవాడు, మూడో దొప్పకి తేనె ఎక్కడ దాచాడో చెప్పేసేవాడు. ఏదుపంది గవరయ్య తన దుంపల గొయ్యి జాడ చెప్పి కళ్ళు తుడుచుకునేవాడు, ఎందుకేడుస్తున్నాడో అతనికే తెలీదు. నీటికుక్క నూకాలు ఎండుచేపలు ఏ తొర్రలో పెట్టిందో పాట కట్టి మరీ పాడేది. నక్క అన్నీ విని, అయ్యో పాపం అంటూ తలూపేవాడు. మర్నాడు వాళ్ళు లేని సమయం చూసి వెళ్ళి సుష్టుగా తినొచ్చేవాడు. వేటాడ్డం మానేసి మూడేళ్ళయింది. బొజ్జ నేలకి రాసుకుంటూ నడిచేవాడు.

అయితే ఒక చిక్కుంది. రోజుకి నాలుగు కుండలు తెరిస్తే నాలుగు మొదటి దొప్పలూ అతని కడుపులోకే. మర్నాడు మధ్యాహ్నానికి బుర్ర పట్టుకుని లేచేసరికి సగం మాటలు గుర్తుండేవి కావు. తేనె రాయి వెనకాల అన్నాడు సరే, ఏ రాయి? ఒకసారి అలా తడుముకుంటూ వెళ్ళి ఎర్రచీమల గూట్లో మూతి పెట్టాడు. వారం రోజులపాటు ఆ మూతి అతని మాట వినలేదు. ఇలా లాభం లేదని తోపులో ఉండే గోరింక పాపాయమ్మని పిలిపించాడు.

"పాపాయమ్మా, నువ్వు తాగవు కదూ?"

"మా వంశంలోనే లేదండి ఆ అలవాటు."

"విన్నది మర్చిపోవు కదూ?"

"మా తాతమ్మ మా తాతయ్యని తిట్టిన తిట్లు ఆవిడ గొంతుతోనే అప్పజెప్తాను. వింటారా?"

"ఇప్పుడొద్దులే. ఆ దూలం మీద కూర్చో. ఎవరేమన్నా గుర్తుపెట్టుకో. నేను లేచాక నా దగ్గర అప్పజెప్పు. రోజుకి నాలుగు మేడిపళ్ళు. కానీ ఒక్క అక్షరం పోకూడదు, ముందే చెప్తున్నా."

పాపాయమ్మ మొహం వెలిగిపోయింది. పుట్టి ఇంతకాలానికి తన తెలివి గుర్తించినవాడు దొరికాడు. "అక్షరం పోతే నా ముక్కు కుట్టేయండి. తెల్లారగట్ల లేచి వల్లె వేసుకుంటాను" అంది.

ఆ ఆఖరి మాట సన్యాసప్ప పట్టించుకోలేదు. తెల్లారగట్ల అనేది ఒకటుంటుందని అతను ఎప్పుడో మర్చిపోయాడు.

మొదటి నాలుగైదు రోజులూ వైభోగమే. లేవగానే పాపాయమ్మ దూలం మీద నుంచి బంగారయ్య గొంతుతో, "చీలిన రాయి లేదా అల్లుడూ, దాని కింద" అనేది. నక్క వెళ్ళి మూతి నిండా తేనె పూసుకుని వచ్చేవాడు. ఆరో రోజు చీలిన రాయి కింద తేనె లేదు. దుంపల గొయ్యిలో మట్టి తప్ప ఏమీ లేదు. తొర్రలో చేపల వాసన ఉంది గానీ చేపల్లేవు. అది చాలదన్నట్టు పాకకి వచ్చేవాళ్ళు తగ్గారు. నాలుగు కుండలు రెండయ్యాయి, రెండు ఒకటైంది. పదిహేను రోజులు తిరిగేసరికి పాకలో సన్యాసప్ప, ఈగలు మిగిలారు. దాచిన తిండి దొరక్క, వచ్చేవాళ్ళు తెచ్చే తిండీ లేక, అతని బొజ్జ నేలని వదిలి పైకి లేచింది. వేటకి వెళ్దామంటే నాలుగడుగులకే ఆయాసం. ఇలాగే పోతే ఆకలికి చస్తానని అతనికి నిజంగా భయం పట్టుకుంది.

అసలు సంగతేంటో కనుక్కుందామని బయల్దేరాడు. ముందు బంగారయ్య ఇంటికి వెళ్ళాడు.

"ఏం మావా, అటువైపే రావడం మానేశావు?"

ఎలుగుబంటి కాళ్ళు చాపుకుని, "మోకాళ్ళ నొప్పులురా అల్లుడూ. సారా పడదట" అన్నాడు.

"ఎవరన్నారు?"

"మోకాళ్ళే అన్నాయి."

అక్కణ్ణుంచి గవరయ్య దగ్గరికెళ్తే, అతను పుట్ట చుట్టూ గబగబా తిరుగుతున్నాడు.

"ఏంటి బావా ఇది?"

"నడక మొదలెట్టాను బావా. ఒంటికి మంచిదట. పొద్దున్న ఇరవై చుట్లు, సాయంత్రం ఇరవై చుట్లు. సాయంత్రం నీ పాకకి వద్దామంటే ఈ చుట్లతోనే సరిపోతోంది."

"నువ్వు తిరిగేది చీమల పుట్ట కదా, పాక పక్కన ఇంకో పుట్టుంది, అక్కడ తిరక్కూడదూ?"

"ఈ పుట్ట అలవాటైపోయింది" అని గవరయ్య అటు తిరిగిపోయాడు.

నూకాలు వాగు ఒడ్డున ఉంది. "శనివారం ఉపవాసం మరిదీ, సారా ముట్టకూడదు" అంది.

"ఇవాళ మంగళవారం కదా వదినా."

"అందుకే, ముందు నుంచే మొదలెట్టాను. ఆఖరి నిమిషంలో హడావుడి పడ్డం నాకు నచ్చదు."

నక్కకి ఒళ్ళు మండింది. ఒక్కరైనా కళ్ళల్లోకి చూసి మాట్లాడరే. అయినా వదల్లేదు. మోకాళ్ళకని సారాలో శొంఠి వేశాడు. నడక కోసం పాక చుట్టూ గడ్డి చెక్కి బాట వేశాడు. ఉపవాసం వాళ్ళకి సారా పల్చగా చేసి, దానికి తీర్థం అని పేరు కూడా పెట్టాడు. ఎవరూ రాలేదు. ఓ ముసలి తాబేలు మాత్రం ఆ బాట మీద నడవడం మొదలెట్టింది, సారా అడగలేదు.

"ఈ కాలం వాళ్ళకి తాగడం కూడా చేతకాదు పాపాయమ్మా. మా నాన్న రోజుల్లో ఒక్కొక్కడు కుండకి కుండ దించేవాడు. ఇప్పుడు మోకాళ్ళంట, నడకలంట" అని వాపోయాడు సన్యాసప్ప.

"అంతేనంటారా?" అంది పాపాయమ్మ. ఆవిడ ఉద్యోగం వినడం, చెప్పడం. ఎందుకు, ఏమిటి అని ఆలోచించడానికి నాలుగు మేడిపళ్ళలో ఒక్కటీ కేటాయించలేదు.

ఆ మధ్యాహ్నం అతనికి మరీ బెంగొచ్చింది. ఒంటరిగా కూర్చుని ఒక కుండ మూత తీశాడు. ఆచారం ప్రకారం మొదటి దొప్ప తాగాడు. రెండో దొప్ప తాగాల్సినవాళ్ళు లేరు కనక అదీ తనే తాగాడు. మూడోది వాళ్ళ మీద కోపంతో తాగాడు. తర్వాత దూలం కేసి తలెత్తి ఏదేదో మాట్లాడాడు, నవ్వాడు, ఓసారి లేచి బంగారయ్యలా నడిచి చూపించాడు. పొద్దుండగానే ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాడు.

పొద్దుండగానే పడుకోవడం వల్లా, కడుపులో ఏమీ లేకపోవడం వల్లా మూడేళ్ళలో మొదటిసారి సూర్యుడి కంటే ముందు లేచాడు. నోరంతా పిడచగట్టుకుపోయి ఉంది. తూలుకుంటూ వాగు దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ సంతలా ఉంది. అడవంతా రాళ్ళ మీద బుర్రకథకి వచ్చినట్టు కూర్చుంది. అవతలి ఒడ్డు మీద మద్దిచెట్టు చివరి కొమ్మన పాపాయమ్మ రెక్కలు సర్దుకుంటోంది.

నక్క మెల్లగా వెళ్ళి గవరయ్య పక్కన కూర్చున్నాడు. "ఏంటి బావా ఇది?"

"రోజూ ఉండేదే. పాకలో ముందురోజు ఎవరేం వాగారో ఆవిడ పొద్దున్నే ఇక్కడ గట్టిగా వల్లె వేసుకుంటుంది. ఎవరి గొంతుతో వాళ్ళదే. మొదటి రోజు నాదే వచ్చింది. ఈతపొదని పట్టుకుని, నీ అంత సుకుమారిని ఎక్కడా చూళ్ళేదు అన్నానట. మా ఆవిడ పక్కనే ఉంది."

"అందుకా మానేశావు?"

"మా ఆవిడ తిట్టిందని కాదు బావా. ఇన్నేళ్ళూ తాగితే నేను చాలా చక్కగా మాట్లాడతాననుకున్నాను. విన్నాక తెలిసింది. ఆ గొంతేమిటి, ఆ ఏడుపేమిటి. నాకు నేనే పరాయివాడిలా అనిపించాను."

ముందు రాతి మీద కూర్చున్న నూకాలు వెనక్కి తిరిగింది. "నాకు నీళ్ళంటే భయమని పాడానంట. నీటికుక్కని అయ్యుండి. పిల్లలు ఈతకి రామంటున్నారు."

"నేను పులి ఎంత, దాని తోకెంత అన్నాన్రా" అన్నాడు బంగారయ్య గొంతు తగ్గించి. "పులి కూడా నీళ్ళకి ఈ వాగుకే వస్తుంది. దాచిన చోట్లు కూడా చెప్పేశానని ఐదు రోజులకి గానీ నా చెవిన పడలేదు, పడగానే తేనె వేరేచోటికి మార్చుకున్నాను. ఎవరో అప్పటికే సగం తినేశారు, ఎవరో తెలిసి చావట్లేదు."

పుక్కిలించి ఉమ్మే ఆచారం తాగినవాళ్ళకే గానీ, దూలం మీద ఊరికే కూర్చుని వినేవాళ్ళకి ఎవరూ పెట్టలేదన్న సంగతి సన్యాసప్పకి అప్పుడు తట్టింది. ఆ మర్యాదని పాడు చేసింది తనే. సరే, ఇప్పటికైనా ఆవిణ్ణి పనిలోంచి తీసేస్తే మళ్ళీ పాక నిండుతుందని కాస్త ధైర్యం తెచ్చుకున్నాడు. "ఇవాళెవరి వంతు?" అని అడిగాడు.

"నిన్న ఎవరు తాగారో తెలీదు. వింటే తెలుస్తుందిగా" అన్నాడు గవరయ్య.

పాపాయమ్మ గొంతు సవరించుకుంది. ముందు రెండు తేన్పులు వచ్చాయి. తర్వాత సన్యాసప్ప గొంతే, ముద్దముద్దగా, వాగు ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి వినబడింది.

"బంగారయ్యంత మొద్దు ఈ అడవిలో ఇంకోడు లేడు పాపాయమ్మా. వాడి తేనె నాకి నాకి నా నాలుక అరిగిపోయింది. చీలిన రాయి కింద ఎవరో తింటున్నారని నాకే చెప్పుకుని ఏడ్చాడు, నేనే కళ్ళు తుడిచాను. గవరయ్య దుంపలు ఉడికేవి కావు, అయినా తిన్నాను. నూకాలు చేపలకి ఉప్పెక్కువ."

అడవంతా ఒక్కసారిగా నక్క వైపు తిరిగింది.

"అబద్ధం" అన్నాడు సన్యాసప్ప. "పిట్ట కల్పించి చెప్తోంది."

పాపాయమ్మకి అంత మాట పడలేదు. "నేను కల్పిస్తానా? మీరు నన్ను కుదుర్చుకున్న రోజు నుంచీ చెప్తాను, వినండి. మొదటి రోజు, గవరయ్య గారు..."

"వద్దు" అన్నాడు గవరయ్య.

"రెండో రోజు, నూకాలు గారు..."

"వద్దమ్మా తల్లీ, నీకు పుణ్యముంటుంది" అని అడవంతా చేతులు జోడించింది. పాపాయమ్మ శాంతించి ఈకలు దువ్వుకుంది.

నక్క వాగులోకి పరుగెత్తి నోటి నిండా నీళ్ళు తీసుకుని పుక్కిలించి ఉమ్మాడు. "ఉమ్మేశాను. ఇక అడగడానికి వీల్లేదు. ఆచారం."

"ఆచారం ప్రకారం పాక దాటకముందే ఉమ్మాలి కదరా" అన్నాడు బంగారయ్య లేస్తూ. మోకాళ్ళు ఏమాత్రం నొప్పిగా ఉన్నట్టు లేవు. "నువ్వు దాటి వచ్చావు. నీ వెనకాలే నీ మాటా దాటి వచ్చేసింది."

కొట్టలేదు, తిట్టలేదు. తిన్నదంతా తిరిగి పెట్టమన్నారు, అంతే. సన్యాసప్ప తేనెపట్టు కోసం బండ ఎక్కాడు, తేనెటీగలు అతన్ని దింపాయి. దుంపలు తవ్వాడు, గవరయ్య పక్కనే నిలబడి చూపించేటప్పుడు రెండు ముళ్ళు ముక్కుకి గుచ్చుకున్నాయి. చేపలకని వాగులో దూకితే నూకాలు పిల్లలు ఒడ్డు మీద నుంచి ఈత ఎలా కొట్టాలో అతనికి చెప్పారు. సాయంత్రానికి మొహం గుమ్మడికాయంత అయింది.

పాక ఇప్పటికీ ఉంది. పాపాయమ్మని పంపేద్దామని అతను ఎన్నోసార్లు అనుకున్నాడు గానీ, పంపితే ఎక్కడికెళ్ళి ఏం వల్లె వేస్తుందోనని భయం. మేడిపళ్ళు పెట్టి మరీ దూలం మీదే ఉంచాడు. అప్పుడప్పుడు బంగారయ్యకి పాత రోజులు గుర్తొచ్చి వస్తాడు. దొప్ప చేతిలోకి తీసుకుంటాడు. మూతి దాకా తెచ్చి, ఎందుకో పైకి చూస్తాడు. పాపాయమ్మ తల ఓ పక్కకి వంచి, చాలా శ్రద్ధగా, మర్యాదగా అతని నోటి వైపే చూస్తూ ఉంటుంది.

"అల్లుడూ, మంచినీళ్ళున్నాయా?" అంటాడు బంగారయ్య. సన్యాసప్ప నిట్టూర్చి కడవ వంచుతాడు.

నీతి లేకుండా వదలరని నాకు తెలుసు, ఇదిగో: తను వాగింది తన చెవినే పడినవాడికి రెండో దొప్ప గొంతు దిగదు.