సరస్సు నడుమ సింహాసనం

ఒకానొక రాజ్యంలో కోటను ఆనుకుని ఒక సరస్సు ఉండేది. చూపు ఆనని వెడల్పేగాని లోతు నడుముకు మించదు. అడుగంతా బురద, పైనంతా నాచు. ఏటా వానలు వెలిశాక రాజు తన చేత్తో మొదటి చేపను పట్టాలి. అప్పటిదాకా జాలర్లెవరూ వల వేయకూడదు. తాతల నాటి ఆచారమది.

కొత్తగా గద్దెనెక్కిన విక్రమతుంగుడి మనసు వెన్న, డాబు మాత్రం కొండంత. ఆస్థాన విదూషకుడు చెన్నమల్లుకు ఆయనంటే ప్రాణం. ఆ డాబు కూడా ముచ్చటగానే తోచేది, జనానికి నష్టం రానంతవరకు.

ఈసారి నష్టం వచ్చింది. చేపవేటకని రాజు ఓడంత పడవ చేయిస్తున్నాడు. వానలు వెలిసినా దాని చెక్కడాలు ఎంతకీ తెమలడం లేదు. జాలరి పెద్ద పోలయ్య చెన్నమల్లు ఇంటికి వచ్చి, “సామీ, పిల్లలు గంజినీళ్లతో పడుకుంటన్నారు. ఏలినోరికి మీరైనా చెప్పండయ్యా” అని కళ్లొత్తుకున్నాడు.

చెన్నమల్లుకు ఆ పూట ముద్ద దిగలేదు. నేరుగా కొలువుకు వెళ్లాడు.

“ప్రభూ, ఈ నీటికి తాటిమొద్దు తొలిచిన దోనె చాలు. గెడతో ఒక్క తోపు తోస్తే నాచు మీద జారిపోతుంది.”

“దోనెలో బాసింపట్టు వేసుకుని, గెడ వేసేవాడి కాళ్ల దగ్గర కూర్చోనా?” రాజు మీసం దువ్వాడు. “నా నోటితో నేనే దోనె కావాలన్ననాడు నువ్వు కోరింది ఇస్తాను. అందాకా దాని ఊసెత్తకు!”

“చిత్తం. అయితే పడవకు చెక్కడాలెందుకు ప్రభూ? సింహాసనం ఎక్కించండి, రేపే వేటకు వెళ్లొచ్చు.”

రాజు ముఖం వెలిగింది. సింహాసనం ఎక్కింది. “గొడుగో?” అన్నాడు చెన్నమల్లు. రాతిదిమ్మెతో సహా గొడుగు ఎక్కింది. “మేళం లేకుండా రాజు వేటా?” మేళగాళ్లూ ఎక్కారు.

మర్నాడు రేవు దగ్గర తవ్విన కాలువలో పడవ ఠీవిగా సాగింది. కాలువ దాటగానే బురదలో కూరుకుపోయింది. తోసేకొద్దీ ఇంకా దిగబడింది. ఎండ మాడ్చేస్తోంది. సన్నాయి ఆగిపోయింది. ఒడ్డున ఊరంతా నిలబడి చూస్తోంది.

వెనకాలే పోలయ్య దోనెలో చెన్నమల్లు నింపాదిగా వచ్చాడు.

“చెన్నమల్లూ! ఇదేం పడవయ్యా? కదలదేం?”

“పడవా? తమరు కట్టించింది కోట ప్రభూ. ఏ అల కూడా దాన్ని కదిలించలేదు. ఇక కోటలోంచి బయటికి రావడానికి తమరు ఒక పడవను ఎంచుకోవాలి.”

రాజు బురదను చూశాడు, దోనెను చూశాడు. గొంతు తగ్గించి, “ఆ దోనె ఇలా తీసుకురా” అన్నాడు.

దోనెలో బాసింపట్టు వేసుకుని కూర్చుంటే నీళ్లు చేతికందాయి. పోలయ్య ఇచ్చిన వలను తామరాకుల సందున వేసి లాగితే కొరమీను ఎగిరి ఒళ్లో పడింది. రాజు చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు. ఒడ్డున జాలర్లు ఈలలు వేస్తూ దోనెల మీదికి ఉరికారు.

“గెలిచావు, కోరుకో” అన్నాడు రాజు.

“ఏటా తమరు దోనెలోనే రావాలి ప్రభూ, వానలు వెలిసిన మర్నాడే.”

“అలాగే. పైగా ఆ పడవ కూడా నీకే బహుమానం. ఇంటికి లాక్కుపో!” అని రాజు పకపకా నవ్వాడు.

“మహాప్రసాదం! మేళగాళ్లను దింపేస్తే చాలు, పడవను అక్కడే ఉండనివ్వండి.”

ఆ సాయంత్రానికే సింహాసనం మీద జాలర్ల తడి వలలు ఆరుతున్నాయి. గొడుగు నీడన కూర్చుని అన్నం తింటున్న పోలయ్య, ఒడ్డునున్న రాజుకు చెయ్యెత్తి దండం పెట్టాడు.