పోలాల అమావాస్యనాడు గోదారికి అడ్డం నిలిచిన నూకాలు

అనగనగా గోదారి రెండు పాయల నడుమ, లంకలో ఒక ఊళ్ళో, నూకాలు అనే ఒకావిడ ఉండేది. ఊఁ కొడుతున్నావా అమ్మలూ? కొట్టు మరి.

నూకాలుకి పిల్లల్లేరు. చెల్లెలు జ్వరమొచ్చి కన్నుమూస్తే, దాని పసిగుడ్డుని కొంగులో చుట్టుకుని, పడవెక్కి తెచ్చుకుంది. ఆ పిల్లే సీతాలు. మేకపాలు పట్టింది, భుజాన జోకొట్టింది, గోరుముద్దలు తినిపించింది. సీతాలు నవ్వితే నూకాలుకి పండగ. సీతాలు దగ్గితే నూకాలుకి గుండెదడ.

అప్పుడు శ్రావణమాసం చివర పోలాల అమావాస్య వచ్చింది. ఆ రోజు పూజయ్యేదాకా తల్లులు పచ్చి మంచినీళ్ళయినా ముట్టరు. కంద మొక్కని తెచ్చి, పసుపు రాసి, బొట్టు పెట్టి, అందులో పోలేరమ్మని చూసుకుంటారు. ఆడపిల్లల తల్లులు బూరెలు, మగపిల్లల తల్లులు గారెలు నైవేద్యం పెడతారు. ఆ తర్వాత పసుపుకొమ్ము కట్టిన తోరాన్ని పిల్లలకి కట్టి, నూరేళ్ళు చల్లగా ఉండమని దీవిస్తారు.

ఆ ఊళ్ళో పూజంతా కాసులమ్మ వాకిట్లోనే. కాసులమ్మంటే ఊరికి పెద్ద ముత్తైదువ. ఆవిడ మాట దాటేవాళ్ళు లేరు.

పొద్దున్నే తలంటుకుని, నూకాలు ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"అత్తా, ఈ ఏడు నేనూ ఉపవాసమున్నాను. మా సీతాలుకి తోరం కట్టుకుంటాను."

"ఇది కన్నతల్లుల నోమే నూకాలూ. పెంచినవాళ్ళకి లేదు. మా అత్తగారి నాటినుంచీ ఇంతే," అంది కాసులమ్మ.

చెడ్డది కాదమ్మా ఆవిడ. పద్ధతి తప్పితే పిల్లలకేమవుతుందోనని భయం, అంతే.

నూకాలు కళ్ళనీళ్ళు కొంగుతో తుడుచుకుంది. "అయితే అమ్మోరినే అడుగుతాలే," అంది. సీతాలుని వెంటబెట్టుకుని, లంక చివరి పొదల దాకా నడిచి, ఒక కంద మొక్కని వేళ్ళతో సహా తవ్వుకుంది. దాన్ని చంకలో పెట్టుకుని ఏటిగట్టు మీదుగా తిరిగొస్తోంది.

గోదారి ఎర్రగా, ఒడ్డులొరుసుకుని పోతోంది. మగవాళ్ళంతా తెల్లారకుండానే అవతలి ఒడ్డున సంతకి వెళ్ళారు. వాళ్ళు వెళ్ళాక వరద పెరిగింది. ఇక పడవ తిరిగొచ్చే దారి లేదు.

అప్పుడు సీతాలు ఆగిపోయింది. "అమ్మా, గట్టు ఏడుస్తోందే!"

నూకాలు వంగి చూసింది. గట్టుకి ఊరివైపున నీళ్ళు బుడబుడా ఊరుతున్నాయి. చూస్తుండగానే పెద్ద పెళ్ళ విరిగి పడింది. గండి! కింద ఊరు. ఊళ్ళో పాకలు, పాకల్లో ఉయ్యాళ్ళు, ఉయ్యాళ్ళలో పిల్లలు.

కంద మొక్కతో పాటే పిల్లనీ ఎత్తుకుని ఒక్క పరుగు తీసింది. పొద్దుట్నుంచీ చుక్క మంచినీళ్ళు ముట్టలేదు. అయినా ఆగలేదు.

"అర్రర్రా, గోదారి లోపలికొస్తోందర్రా! లేవండర్రా!"

కాసులమ్మ వాకిట్లో అప్పుడే దీపం వెలిగించారు. "పూజ మధ్యలో లేవకూడదేమో," అని ఎవరో గొణిగారు.

కాసులమ్మ పీటల మీద కూచున్న పిల్లల వంక చూసింది. "ఈ పూజ ఎవరి కోసమే? పిల్లల కోసమేగా! లేవండి!" అని చీర చెంగు బిగించింది.

పెద్దపిల్లలు చిన్నపిల్లల్ని ఎత్తుకుని కాసులమ్మ మేడ మీదికి ఎక్కారు. తల్లులంతా గట్టుకి పరుగెత్తారు.

మొదట గడ్డిమోపులు తెచ్చి గండిలో వేశారు. గోదారి వాటిని పూచికపుల్లల్లా ఎత్తుకుపోయింది.

ఆ తర్వాత తట్టలతో మట్టి పోశారు. గోదారి దాన్ని పంచదారలా కరిగించుకు తాగేసింది.

ఉపవాసపు ఒళ్ళాయె. కొందరు కూలబడి ఏడ్చారు. నూకాలు మాత్రం నడుంలోతు నీళ్ళలో నిలబడి, "మట్టి నిలవాలంటే ముందు అడ్డం ఏదైనా పడాలత్తా! బరువైంది కావాలి!" అని అరిచింది.

కాసులమ్మకి ఒక్కటే ఉంది బరువైంది. కొత్త ఎడ్లబండి. మొన్ననే పసుపు రాసి, చక్రాలకి బొట్లు పెట్టుకుంది.

"తోసెయ్యండే నా బండిని!" అంది.

అందరూ హైలెస్సా అని బండిని గట్టెక్కించి, గండిలోకి బోర్లా తోశారు. దభీమని పడి, చక్రాలు రెండువైపులా దిగబడి కూచుంది. నూకాలు దాని సందుల్లో గడ్డి కూరింది. పైన తట్టల మీద తట్టలు మట్టి పడింది. నీళ్ళు ధార అయ్యాయి. ధార చుక్కయింది. చుక్క ఆగింది.

గట్టు నిలబడింది!

అప్పుడు చూడాలి అమ్మలూ, ఆ తల్లుల్ని! నెత్తిన బురద, ఒంటిన బురద, పళ్ళు మాత్రం తెల్లగా. ఒకళ్ళనొకళ్ళు కావలించుకుని గోదారి వంక చూసి కేకలు పెట్టారు.

ఆ తర్వాత అందరూ స్నానాలు చేసి మళ్ళీ వాకిట్లో కూచున్నారు. నూకాలు తన కంద మొక్క పట్టుకుని దూరంగా, గుమ్మం దగ్గరే నిలబడింది. కాసులమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తన పక్క పీట మీద కూచోబెట్టింది. రెండు కంద మొక్కలూ పక్కపక్కన నిలబెట్టింది.

"కట్టవే నీ కూతురికి తోరం," అంది. "తప్పయితే అమ్మోరు నన్నడుగుతుంది. నేను చెప్పుకుంటాలే."

నూకాలు తోరం కట్టింది. సీతాలు బూరె కొరికింది. నూకాలు అప్పుడు తాగింది మంచినీళ్ళు, గటగటా, చెంబెడు.

వరద తీశాక మగవాళ్ళు తిరిగొచ్చారు. కాసులమ్మ మొగుడు పెరడంతా వెతికాడు.

"ఏమే, మన కొత్త బండేదీ?"

"గోదారికి అడ్డం కూచుందిలే! చేతనైతే లేపుకురా," అంది కాసులమ్మ. ఊళ్ళో ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు.

కథ కంచికి,
గోదారి కడలికి,
బూరె బొజ్జకి,
బుజ్జి అమ్మలు మంచానికి!