గానుగ సింగమ్మ, నల్లగుట్ట గబ్బిలాలు

అనగనగా, మనుషుల మాట మృగాలకూ, మృగాల మాట మనుషులకూ తెలిసిన రోజుల్లో, ఇప్పలమెట్ట అనే చిన్న రాజ్యం ఉండేది. రాజ్యమంతా ఇప్పచెట్లే. చైత్రంలో పూలు ఏరేవారు. ఆషాఢంలో గింజలు ఏరేవారు. ఆ గింజలను గానుగ ఆడి నూనె తీసేది సింగమ్మ. కోటలో దీపం మొదలుకొని గుడిసెలో పోపు దాకా అన్నిటికీ ఆ నూనే.

సింగమ్మది చురుకైన చెయ్యి. అంతకన్నా చురుకైన నోరు. ఒక ఏడు ఆమె రాజుగారి కొలువుకు వెళ్ళింది.

"మహారాజా! ఏటి ఒడ్డు మద్దిచెట్లకు వేలాడే గబ్బిలాలు పొద్దుగూకగానే మన ఇప్పపూల మీద పడుతున్నాయి. సగం పూత వాటి పొట్టలోకే పోతోంది. తరిమించండి" అంది.

రాజు సరేనన్నాడు. మాఘంలో మూడు రోజులు మద్దిచెట్ల కింద డప్పులు మోగాయి. మూడో రోజు గబ్బిలాలు పిల్లలను పొట్టకు కరుచుకుని పొలిమేరలోని నల్లగుట్ట మీదికి వలసపోయాయి.

చైత్రంలో పూలు కుప్పలు కుప్పలుగా రాలాయి. "నేను చెప్పలేదూ?" అని సింగమ్మ ఇల్లిల్లూ తిరిగింది.

ఆషాఢంలో చెట్లకు ఒక్క కాయ లేదు. గానుగ ఆగింది. గానుగెద్దు నీడన పడుకుని నెమరు వేసుకుంది. కోటలో దీపాలు ఒక్కొక్కటే కొండెక్కాయి.

సింగమ్మ గింజలు వెతుక్కుంటూ నల్లగుట్ట దాకా నడిచింది. అక్కడి ఇప్పచెట్లు విరగకాశాయి! పక్కనే చింతకొమ్మలకు గబ్బిలాలు వేలాడుతున్నాయి. ఆమెకు విషయం తెలిసింది. తిన్నగా కొలువుకు వెళ్ళింది.

"మహారాజా, తప్పు నాది. గబ్బిలం వాలిన చెట్టే కాసింది."

రాజు మొదట మంత్రిని నల్లగుట్టకు పంపాడు. "తిరిగి వస్తే మీకు 'ఏటిగట్టు సామంతులు' అని బిరుదు ఇస్తాం" అన్నాడు మంత్రి. గుంపులోని ముసలి గబ్బిలం ఒక కన్ను తెరిచింది. "దాన్ని ఏ కొమ్మకు తగిలించుకోను నాయనా?" అని మళ్ళీ మూసుకుంది.

తరువాత సేనాపతి వెళ్ళాడు. "రాకపోయారో, ఈ గుట్టనే తవ్విస్తా!"

"తవ్వించు బాబూ. నీకు పలుగులున్నాయి, మాకు రెక్కలున్నాయి" అంది ముసలిది.

మూడోసారి సింగమ్మ వట్టి చేతులతో వెళ్ళింది.

"అవ్వా, నేను సింగమ్మను. డప్పులు కొట్టించింది నేనే."

"తెలుసమ్మీ. నీ గొంతు డప్పుకన్నా పెద్దది. ఏం తెచ్చావు?"

"ఏమీ తేలేదు. మా అమ్మ ఈ గానుగతోనే నన్ను పెంచింది. నేను నా పిల్లలను పెంచాను. ఆ గింజ ఎవరి చలవో ఏనాడూ అడగలేదు. మా ముద్దలో మీ కష్టం ఉంది అవ్వా. ఆ మాట చెప్పిపోదామని వచ్చాను. రమ్మని అడిగే మొహం నాకు లేదు."

ముసలి గబ్బిలం ఈసారి రెండు కళ్ళూ తెరిచింది.

"పువ్వు తింటాం, నిజమే" అంది. "తింటూ తింటూ ఈ పువ్వు పుప్పొడిని ఆ పువ్వుకు మోస్తాం. అప్పుడే కాయ. కాయ తిని గింజ మీకు వదిలేస్తాం. మా తాతల నాటి నుంచీ ఇదే వరస. బిరుదిస్తామన్నవాడు వచ్చాడు, బెదిరించేవాడు వచ్చాడు. మా మేలు తలుచుకున్నదానివి నువ్వొక్కదానివే. వస్తాం. పగటిపూట మా పిల్లలను మాత్రం నిద్రపోనివ్వండి."

మరుసటి మాఘానికి గబ్బిలాలు మద్దిచెట్లకు చేరాయి. ఆషాఢంలో గానుగ తిరిగింది.

ఒక ఉదయం సింగమ్మ మద్దిచెట్ల కింద, కండ అంతా తినేసి గబ్బిలాలు రాల్చిన గింజలు ఏరుకుంటూ తలెత్తి దణ్ణం పెట్టింది. పైనుంచి జోడించిన చేతుల మీద రెట్ట పడింది. కొంగుతో తుడుచుకుని మళ్ళీ దణ్ణం పెట్టింది.

తిన్న ముద్ద వెనుక ఎవరి కష్టం ఉందో తెలుసుకుని, వారి మేలు నోరారా చెప్పుకునేవారి ఇంటనే దీపం నిలుస్తుంది.